ఓడలు రాని రేవు

బాలలారా! సముద్రం ఎంత పెద్దదో మీరు భూగోళం పుస్తకంలో చదివే ఉంటారు. కాని చదవడం వేరు, దాని ఒడ్డున నిలబడి, పాదాల కింద ఇసుక జారిపోతూ ఉంటే కెవ్వున అరవడం వేరు. మాది చోడవరం. చెరకు పండే సీమ. గానుగలు ఆడే రోజుల్లో బెల్లం వండే పొయ్యిల పొగా, ఉడికే చెరకురసం వాసనా ఊరూరా కమ్ముకొని ఉంటాయి. సముద్రం మాకు మరీ దూరం కాదు. అయినా, "సముద్రం చూసినవాళ్లు చేతులెత్తండి" అని తరగతిలో అడిగితే, సగం చేతులు కూడా లేచేవి కావు. అందుచేత నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం, ప్రతి ఏడూ సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక ఆదివారం, పులిహోర పొట్లాలు కట్టించి, పిల్లల్ని బస్సెక్కించి భీమునిపట్నం తీసుకుపోయేవాణ్ణి.

"విశాఖపట్నం ఉండగా భీమిలి దేనికి మేస్టారూ? అక్కడైతే జంతుప్రదర్శనశాల ఉంది, పెద్ద పెద్ద ఓడలున్నాయి" అని తల్లిదండ్రులు అడిగేవారు. నిజమే. ఓడలున్న రేవును ఎవరైనా చూపిస్తారు. ఓడలు వెళ్లిపోయిన రేవు ఎట్లా బతుకుతున్నదో చూడడం కూడా ఒక పాఠమే. పైగా 1994 నుంచి మూడేండ్లు, భీమిలికి చేరువలో సముద్రపు ఒడ్డునే ఉన్న ఒక పల్లె బడిలో నేను పనిచేశాను. అక్కడి పిల్లలూ, వాళ్ల పెద్దలూ నాకు చెప్పిన సంగతులు కొన్ని మీకూ చెబుతాను.

భీమునిపట్నాన్ని అందరూ భీమిలి అనే పిలుస్తారు. విశాఖపట్నానికి ఈశాన్యంగా, సముద్రపు ఒడ్డు వెంటనే సుమారు 25 కిలోమీటర్లు పోతే ఈ ఊరు వస్తుంది. దారి పొడుగునా కుడి చేతి వైపు సముద్రం, ఎడమ చేతి వైపు కొండలు. పాండవులలో భీముడు ఇక్కడ ఉన్నాడనీ, బకాసురుణ్ణి చంపాడనీ, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందనీ ఊళ్లోవాళ్లు కథ చెబుతారు. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. మీలో బొర్రా గుహలు చూసినవారు ఉంటే, ఆ గుహల కింద రాళ్ల మధ్య పారే ఏటిని జ్ఞాపకం చేసుకోండి. అదే గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, సున్నపురాతిని తొలుచుకొని, తాటిపూడి దగ్గర ఆగి, పొలాలు తడిపి, చివరకు భీమిలి దగ్గర ఉప్పునీటిలో కలిసిపోతుంది. నదీ సముద్రమూ కలిసేచోట నిలబడితే, రెండు నీళ్ల రంగులూ వేరువేరుగా కనబడే రోజులు కూడా ఉంటాయి.

ఈ తీరానికి దూరదేశాల వాళ్లు రావడం నేటి మాట కాదు. విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో తొట్లకొండ అనే కొండ ఉన్నది. రెండువేల ఏండ్ల కిందట దానిమీద బౌద్ధ భిక్షువులు విహారం కట్టుకొని ఉండేవారు. ఎన్నో వందల ఏండ్లు ఎవరికీ పట్టకుండా మట్టిలో ఉండిపోయిన ఆ విహారం, 1970 ల్లో నౌకాదళం వారు కొండను పరిశీలిస్తూ ఉండగా బయటపడింది. 1988 నుంచి కొన్ని ఏండ్లపాటు పురావస్తు శాఖ వారు తవ్వకాలు జరిపితే స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల కనిపించాయి. రోము దేశపు వెండి నాణాలు కూడా దొరికాయి! ఆలోచించండి: ఎక్కడి రోము, ఎక్కడి తొట్లకొండ? ఆ నాణాలు వచ్చిన దారి సముద్రపు దారే అయి ఉండాలి.

కొండకు ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుసా? పైన రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. నేను పిల్లల్ని వాటి దగ్గర నిలబెట్టి, "కొండమీద నూయి లేదు, ఏరు లేదు. మరి ఇంతమంది భిక్షువులు ఏం తాగి బతికారు?" అని అడిగేవాణ్ణి. కాసేపు చూసి, ఎవరో ఒకరు "వాన నీళ్లు మేస్టారూ!" అని అరిచేవారు. అవును, వానలకు కొండమీద పడిన నీటిని కాలువల వెంట తొట్లలోకి మళ్లించి, ఏడాది పొడుగునా వాడుకునేవారు. భీమిలి ఊరి వెనక ఉన్న పావురాళ్ల కొండమీద కూడా ఇట్లాంటి తొట్లే ఉన్నాయి. ఆ కొండ వాలున లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నది. మెట్లెక్కి అక్కడ నిలబడితే ఊరు, నది, సముద్రం మూడూ ఒక్క చూపులో కనబడతాయి.

తరువాత చాలా కాలానికి, పదిహేడో శతాబ్దంలో, డచ్చివారు వచ్చారు. వారిది హాలండు దేశం. మన నేతగాళ్లు నేసిన నూలుగుడ్డలకు ఆ రోజుల్లో ప్రపంచమంతటా గిరాకీ. వాటిని కొని ఓడలకెత్తడానికి డచ్చివారు భీమిలిలో వర్తకశాల పెట్టుకున్నారు. సుమారు నూటయాభై ఏండ్లకు పైగా ఇక్కడ వ్యాపారం సాగించి, 1824 లో ఇంగ్లీషువారితో చేసుకున్న ఒడంబడిక ప్రకారం 1825 లో ఊరిని వారికి అప్పగించి వెళ్లిపోయారు. వెళ్లలేనివారు కొందరు ఇక్కడే మిగిలారు. వారి సమాధులు సముద్రానికి దగ్గరగా ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని గోపురాలవలె కోసుగా ఉంటాయి. కొన్నిటిమీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి సగం అరిగిపోయాయి.

ఒక ఏడు ఒక అమ్మాయి ఒక సమాధి ముందు చాలాసేపు నిలబడిపోయింది. "ఏమిటమ్మా చూస్తున్నావు?" అంటే, "వీళ్లమ్మకి తెలిసి ఉంటుందా మేస్టారూ, ఇక్కడ పడుకున్నారని?" అన్నది. ఆ రోజుల్లో ఓడ హాలండు చేరడానికి అనేక నెలలు పట్టేది. కబురు చేరేసరికి ఇక్కడ సమాధిమీద గడ్డి మొలిచి ఉంటుంది. చరిత్ర పాఠంలో డచ్చివారు అంటే వర్తకులు. ఆ అమ్మాయికి మాత్రం ఎవరో తల్లి కన్న బిడ్డలు. ఇంటినుంచి దూరం పోయి బతకవలసినవారి మాట ఇంకోటి, ఈ వ్యాసం చివర చెబుతాను. అప్పుడు ఈ అమ్మాయి ప్రశ్న మళ్లీ మీకు జ్ఞాపకం రావాలి.

ఇంగ్లీషువారి కాలంలో భీమిలి మరింత పెరిగింది. 1860 ల్లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. దీపస్తంభం, గడియార స్తంభం లేచాయి. లోపలి ఊళ్లనుంచి నూనెగింజలు, నారలు బండ్లమీద వచ్చి ఓడలెక్కేవి. ఆ నారల్లో ఒకదాని సంగతి వింటే మీకు నవ్వు వస్తుంది. మీరంతా గోంగూర పచ్చడి తింటారు కదా? ఆ మొక్కను కోయకుండా ఏపుగా పెరగనిచ్చి, కాడలను కట్టలు కట్టి నీళ్లలో నానవేస్తే, బెరడు మెత్తబడి పొడుగాటి నార వస్తుంది. అదే గోగునార. భీమిలి రేవునుంచి వెళ్లేది కనుక పరదేశపు వర్తకులు దానికి "బిమ్లీ జనపనార" అని పేరు పెట్టారు. స్కాట్లాండులో సముద్రపు ఒడ్డున డండీ అని ఒక పట్నం ఉన్నది. జనపనార మిల్లులకు ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పేరుపడిన ఊరు అది. మన గోంగూర మొక్క పేరు చెప్పకపోయినా, మన ఊరి పేరు మాత్రం అటువంటి బజారుల్లో పలికేవారు.

మరి అంత రేవు ఎట్లా పోయింది? ఎవరూ శపించలేదు, సముద్రమూ మింగలేదు. కారణం తెలియాలంటే, ముందు ఆ రోజుల్లో ఓడ ఎక్కడ నిలిచేదో తెలియాలి. భీమిలిలో ఓడ ఒడ్డుకు రాలేదు. లోతు లేదు, అలలు ఎక్కువ. కనుక దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. సరుకంతా పడవలమీద అలలను దాటించి ఓడకు చేర్చేవారు. ఈ తీరంలో అందుకు వాడిన పడవలకు మేకులు ఉండేవి కావు. పలకలను కొబ్బరితాళ్లతో కుట్టేవారు. ఎందుకంటారా? మేకులు కొట్టిన బిగువు పడవ, అల ఎత్తి ఇసుకమీద కొడితే పగిలిపోతుంది. కుట్టిన పడవ కొంచెం వంగుతుంది, సర్దుకుంటుంది, బతుకుతుంది. వంగగలిగినది విరగదు, ఇది మీరు మీ ఇంట్లో పచ్చి వెదురుబద్దనూ ఎండుకట్టెనూ వంచి పరీక్ష చేయవచ్చు.

ఇంతలో రైలుమార్గం భీమిలిని పక్కన వదిలి విజయనగరం, విశాఖపట్నాల మీదుగా వెళ్లింది. విశాఖపట్నానికి ప్రకృతి ఇచ్చిన మరో వరం ఉన్నది. అక్కడ డాల్ఫిన్ ముక్కు అనే కొండ సముద్రంలోకి చొచ్చుకొని అలలకు అడ్డు నిలుస్తుంది. ఆ కొండ చాటున లోపలికి తవ్వి నౌకాశ్రయం కట్టారు. 1933 లో అది తెరుచుకున్నది. ఓడ గోడ పక్కకే వచ్చి నిలిచేచోటు దొరికినప్పుడు, దూరాన లంగరు వేసి పడవలకోసం కాచుకొని ఉండేదెవరు? మెల్లమెల్లగా భీమిలికి ఓడలు రావడం మానేశాయి. గిడ్డంగులు పాడుబడ్డాయి. ఇప్పుడు పురపాలక సంఘం కూడా లేదు, భీమిలిని విశాఖ మహానగరంలో కలిపివేశారు.

ఓడలు పోయినా, ఓడలకంటే పాతవి కొన్ని ఇక్కడ మిగిలి ఉన్నాయి. వాటిలో మొదటివి ఎర్రమట్టి దిబ్బలు. భీమిలికి కొద్ది కిలోమీటర్ల ఇవతల, రోడ్డు పక్కనే కనబడతాయి. లోపలికి నడిస్తే ఎర్రని గోడల మధ్య సందులు, ఆ సందుల్లో మళ్లీ సందులు. మా పిల్లలు దొంగాట ఆడకుండా ఆపడం బ్రహ్మప్రళయంగా ఉండేది. ఇవి ఎట్లా పుట్టాయో చెబుతాను. సుమారు 20,000 ఏండ్ల కిందట భూమి చాలా చల్లగా ఉండేది. నీరు ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టుకుపోవడంతో, సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. సముద్రం వెనక్కు పోగా బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి కొండల ముందర గుట్టలు పోసింది. ఇది వేల ఏండ్లు సాగింది. ఆ ఇసుకలో ఇనుము కలిసిన ఖనిజాలు ఉన్నాయి. మీ పెరట్లో పడేసిన మేకు వానకు తడిసి తుప్పు పట్టి ఎర్రబడుతుంది చూశారా? అట్లాగే ఆ ఖనిజాలలోని ఇనుము తుప్పుపట్టి, ప్రతి ఇసుక రేణువుకూ ఎర్రని పూత పూసింది. తరువాత వాననీళ్లు దిబ్బలను కోసి సందులు చేశాయి. ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణపు ఒడ్డునా, సింహళంలోనూ ఉన్నాయి. వేరే చోట్ల బహు అరుదు.

భారత భూగర్భ పరిశోధన సంస్థ వీటిని కాపాడదగిన జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల కోసం మన దేశం సిద్ధం చేసిన ముందు జాబితాలో కూడా ఇవి చేరాయి. అయినా దిబ్బలకు భయం తీరలేదు. అది రాయి కాదు, వదులు ఇసుక. గోరుతో గీసినా రాలుతుంది. ఒకసారి మా అబ్బాయి ఒకడు గోడమీద పుల్లతో తన పేరు రాయడం మొదలుపెట్టాడు. నేను కేకవేయలేదు. "ఈ గోడ ఎన్నాళ్లకు తయారయిందిరా?" అని అడిగాను. "వేల ఏండ్లకండీ" అన్నాడు. "నీ పేరు రాయడానికి ఎంతసేపు?" "ఒక నిమిషమండీ." వాడే పుల్ల పారేశాడు. పుల్లతో గీసే పిల్లవాడికి ఈ లెక్క తెలిస్తే చాలదు. పారతో, యంత్రంతో మట్టి తీసే పెద్దవాళ్లకు కూడా తెలియాలి.

ఇక మనుషుల సంగతి. భీమిలి చూడదలచినవారు ఎండ ఎక్కాక కాదు, తెల్లవారకముందే ఒడ్డుకు రావాలి. నేను పనిచేసిన పల్లెలో నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పటంలో దిక్కులు గుర్తించమంటే తడుముకొనేవాడు. ఒకనాడు వాణ్ణి బయటికి తీసుకుపోయి, "గాలి ఎటునుంచి వస్తోందిరా?" అని అడిగాను. కళ్లు మూసుకొని చెంప తిప్పి, "ఇప్పుడు సముద్రపు గాలండీ. రాత్రికి కొండగాలి తిరుగుద్ది. అందుకే మా అయ్య తెల్లారగట్ల ఎల్తాడు, మద్దేనం వొస్తాడు" అన్నాడు. ఆ రోజు మా భూగోళం పాఠం వాడే చెప్పాడు. నేను దానికి కారణం మాత్రం కలిపాను. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది. దానిమీది గాలి తేలికై పైకి పోతుంది. ఆ చోటు నింపడానికి సముద్రంనుంచి చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. అప్పుడు గాలి నేలనుంచి సముద్రానికి పోతుంది. తెరచాప ఎత్తిన తెప్పకు వెళ్లేటప్పుడు ఒక గాలి, వచ్చేటప్పుడు ఇంకో గాలి! నూనె ఖర్చు లేదు. ఇప్పుడు దుంగలు కట్టిన తెప్పలు దాదాపు కనబడవు. ఫైబరు పడవలు, వాటికి మోటార్లు వచ్చాయి. అయినా గాలి చూడకుండా ఏ జాలరీ బయలుదేరడు.

ఒడ్డున వేసే పెద్ద వల చూడడం ఒక పండుగ. దానిని అలివి వల అంటారు. వల ఒక కొస తాడు ఒడ్డున వదిలి, పడవమీద అర్ధచంద్రాకారంగా సముద్రంలో వల దింపుకుంటూ పోయి, రెండో కొసను దూరంగా మళ్లీ ఒడ్డుకు చేరుస్తారు. రెండు జట్లు రెండు తాళ్లూ పట్టుకొని, పదం పాడుకుంటూ, అడుగులో అడుగు వేస్తూ లాగుతారు. గంటలకొద్దీ లాగాలి. సంచీ ఒడ్డుకు వచ్చేసరికి వెండిరేకులు గుమ్మరించినట్లు కవళ్లు, నెత్తళ్లు, కానాగడతలు ఎగిరిపడతాయి. ఒక్కొక్కరోజు నాచూ, ప్లాస్టిక్ సంచులే వస్తాయి. వచ్చినదాన్ని జట్టంతా వాటాలు వేసుకుంటారు. ఆ తరువాత పని ఆడవాళ్లది. వాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకొని, బేరాలు ఆడి, మిగిలిన చేపకు ఉప్పు పట్టించి ఎండబెడతారు. పిల్లల చదువులకు డబ్బు మిగిల్చేది చాలావరకు ఆ తట్టే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకొనే కాలం అది. పెరట్లో కోడి పొదిగినప్పుడు గుడ్లు తీస్తామా? ఇదీ అంతే. అంతకుముందు, చలికాలపు చివర, ఇంకొక చుట్టం ఈ ఒడ్డుకు వస్తుంది. అది ఆలివ్ రిడ్లీ తాబేలు. రాత్రివేళ ఇసుకలోకి పాకి వచ్చి, గొయ్యి తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కు చూడకుండా వెళ్లిపోతుంది. ఏడెనిమిది వారాలకు అరచేతిలో పట్టేంత పిల్లలు బయటికి వచ్చి సముద్రంవైపు పరుగెత్తుతాయి. వాటికి దారి ఎవరు చెప్పారు? చీకట్లో సముద్రంమీది ఆకాశమే కాస్త వెలుగుగా ఉంటుంది. ఆ వెలుగే వాటికి దారి. ఒడ్డున మనం విద్యుద్దీపాలు వెలిగిస్తే, పాపం, అటు పోయి చనిపోతాయి. అటవీశాఖ వారు గుడ్లను సేకరించి, కంచె కట్టి పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. ఆ పనిలో జాలరులు కూడా చేయి కలుపుతున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది తల్లిదండ్రులు కూడా శ్రద్ధగా చదవాలి. ఈ తీరం అందమైనది, ప్రమాదమైనది కూడా. ఏటా ఎందరో పిల్లలు స్నానానికి దిగి తిరిగి రావడం లేదు. మా పిల్లలు మొదటిసారి నీళ్లవైపు పరుగెత్తినప్పుడు వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరి చెయ్యెత్తి ఆపాడు. "మేస్టారూ, అల ఇరగని కాడ దిగనియ్యకండి. పైకి నెమ్మదిగా అగుపడతాది. అడుగున లాగేస్తాది" అన్నాడు. అదంతా తెల్లని నురగ మధ్య ఒకచోట నల్లగా, ప్రశాంతంగా ఉన్న నీరు. మా పిల్లలు సరిగ్గా అక్కడికే పోతున్నారు! అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి పోవాలి కదా. ఇసుకమేటల మధ్య లోతైన సందు దొరికితే, నీరంతా ఆ సందులోంచి వేగంగా వెనక్కు పోతుంది. లోతు ఎక్కువ కనుక అక్కడ అల విరగదు. తెలియనివాడికి అదే మంచి చోటని తోస్తుంది. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీది అలసిపోకూడదు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదితే ఆ ప్రవాహంనుంచి బయటపడవచ్చు. ఈత రానివారు తేలి ఉండడానికి ప్రయత్నించి, చెయ్యెత్తి పిలవాలి. అన్నిటికంటే మంచిది, ఆ ఊరి జాలరిని అడగకుండా నీళ్లలో దిగకపోవడం. ఆ తరువాత ప్రతి ఏడూ మేము మొదట ఆ ముసలాయన దగ్గరికే వెళ్లేవాళ్లం. ఆయన చూపించిన చోట, మోకాలి లోతువరకే పిల్లలు దిగేవారు.

గాలి పాఠం చెప్పిన కుర్రవాడు ఏమయ్యాడో మీకు చెప్పాలి. పదో తరగతి గట్టెక్కాడు. తండ్రితో కొన్నాళ్లు వేటకు వెళ్లాడు. కాని పెద్ద మరపడవలు సముద్రాన్ని జల్లెడ పట్టేస్తూ ఉంటే, ఒడ్డుదగ్గర చిన్న పడవకు దొరికే చేప తగ్గిపోయింది. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని కొట్టినప్పుడు వాళ్ల పడవ ముక్కలయింది. ఇప్పుడు ఆగస్టు వస్తే వాడు గుజరాతులోని వెరావల్ రేవుకు పోతాడు. మన దేశానికి ఆ చివర! ఉత్తరాంధ్ర తీరంనుంచి ఇట్లా వేలమంది పోతున్నారు. అక్కడ వేరొకరి పడవలో నెలలతరబడి కూలికి వేటాడి, ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. 2018 లో అట్లా వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు సరిహద్దు దాటారని పాకిస్తాను వారు పట్టుకొని, 2020 జనవరిలోగాని విడిచిపెట్టలేదు. ఇంటిదగ్గర తల్లులు ఆ రోజులన్నీ ఎట్లా గడిపి ఉంటారు?

రిటైరయిన తరువాత ఒకసారి భీమిలి వెళ్లి, ఆ కుర్రవాడి తల్లి చేపల తట్ట దగ్గర ఆగాను. రోడ్డుమీద కార్లు బారులు తీరి ఉన్నాయి. జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఆమె వాళ్లను చూస్తూ అన్నది: "మా ఊరు సూడ్డానికి ఊరూరోళ్లూ వొస్తారు బాబూ. మా ఊరి గుంటలేమో బతకడానికి ఊరూరూ పోతారు." అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. సమాధి ముందు నిలబడి మా అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఒకప్పుడు హాలండు తల్లులు కొడుకుల కబురుకోసం నెలలు ఎదురుచూశారు. ఇప్పుడు భీమిలి తల్లులు ఎదురుచూస్తున్నారు. చేతిలో ఫోను ఉన్నదన్న తేడా ఒక్కటే.

కాబట్టి బాలలారా, భీమిలికిగాని, మరే తీరపు పల్లెకుగాని వెళ్లినప్పుడు, అది మీ వినోదంకోసం పరిచిన తివాసీ కాదనీ, కొందరి ఇల్లూ వాకిలీ అనీ జ్ఞాపకం ఉంచుకోండి. ఆరవేసిన వలలు తొక్కకండి. ఒక్క కన్ను తెగితే పూటంతా కూర్చొని కుట్టాలి. పడవలెక్కి గెంతకండి. మీరు తెచ్చిన ప్లాస్టిక్ సంచి మీతోనే తిరిగి తీసుకుపోండి. లేకుంటే అది రేపు అలివి వలలో చేపకు బదులు వస్తుంది. ఎర్రమట్టి సీసాలో నింపుకురాకండి. కావలసినవేవో ఆ ఊరివాళ్ల దగ్గరే కొనండి. బేరం ఆడండి, తప్పులేదు. కాని రూపాయి దగ్గర ఆ అవ్వను ఏడిపించకండి. మీ నాన్నగారితో చెప్పి, తెల్లవారకముందే ఒడ్డుకు చేరి, వల లాగేవాళ్లతో పాటు ఒక్క పది నిమిషాలు తాడు పట్టుకోండి. వద్దని ఎవరూ అనరు. అరచేతులు మండుతాయి. ఇంటికి వచ్చి అన్నంలో చేప ముక్క కలుపుకొనేటప్పుడు ఆ మంట గుర్తుకు వస్తే, మీరు భీమిలిని నిజంగా చూసినట్లే.

ఇక మీకు ఒక చిన్న పని. మీ ఊరికి కూడా ఒకప్పుడు ఏదో పెద్ద సంత, రేవు, గానుగ, మగ్గాల వీధి ఉండే ఉంటుంది. అది ఏమిటో, ఎందుకు పోయిందో, దానిమీద బతికినవారు ఇప్పుడేం చేస్తున్నారో మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి ఒక పేజీ రాయండి. రాసినది ముందు వాళ్లకే చదివి వినిపించండి. తప్పులు దిద్దడానికి వాళ్లకంటే మంచి మేస్టారు మీకు దొరకడు.